లేని పగులుకి తరుగు

ఆరువందల యూరోలు చెప్పిన తుపాకీని రెండువందల నలభైకి దించాను. ఇరవై రెండు నిమిషాల్లో. అదీ ఏ వస్తువు మగదో ఏది ఆడదో ఇప్పటికీ తేల్చుకోలేని నా జర్మన్‌లో. బల్లకి అటువైపు కూర్చున్నావిడకి భర్త పోయి అప్పటికి ఐదు నెలలు. ఈ దేశానికి వచ్చిన పదకొండేళ్ళలో సోఫాలూ, సైకిళ్ళూ, ఒకసారి కారు చక్రాలూ బేరమాడాను గానీ, ఒక్క బైఠక్కులో మూడువందల అరవై ఎప్పుడూ రాలగొట్టలేదు. నా బేరాలన్నిటిలోకీ ఇదే పెద్దది. చెడ్డది కూడా ఇదే. అయినా పెద్దదన్న మాటే ముందు చెబుతాను. నేను పెరిగిన వీధిలో ఎవరూ నష్టం దగ్గర మొదలుపెట్టి మాట్లాడరు.

ఆ వీధి ఖమ్మంలో పాత్రల కొట్ల వీధి. అందులో మాదీ ఒక కొట్టు. కొత్త స్టీలు సామాను అమ్మడం ఎవరికైనా వస్తుంది. పనితనమంతా పాత ఇత్తడి కొనడంలో ఉండేది. ఆడవాళ్ళు బిందెలూ గంగాళాలూ రిక్షాలో వేసుకుని మార్పిడికి తెచ్చేవారు. నాన్న బిందెను ఎడమచేతి వేళ్ళ మీద తేలిగ్గా నిలిపి, కుడిచేతి వేలి కణుపుతో ఒక్కటి కొట్టేవాడు. ఖంగున మోగి ఆ మోత కాసేపు నిలిస్తే బిందె మంచిది. మోత మధ్యలో విరిగితే ఎక్కడో పగులుంది. పగులుంటే తూకంలో తరుగు తీస్తారు. ఇంతవరకూ న్యాయమే. అసలు విద్య ఏమిటంటే, ఖంగున మోగిన బిందెకి కూడా మొహం చిట్లించడం. చెవి ఇంకాస్త దగ్గరగా పెట్టి, ఎవరికీ వినపడనిది విన్నట్టు ఆగి, "అమ్మా, ఇక్కడ సన్నగా విచ్చిందమ్మా" అంటూ ఒకచోట వేలు ఆనించడం. వేలు ఆనిన చోటునే ఆవిడ కూడా చూస్తుంది. అరనిమిషం చూస్తే ఎవరికైనా అక్కడ గీత కనిపిస్తుంది. మీసాలు రాకముందే నాకు ఆ విద్య పట్టుబడింది. నాన్న కంటే బాగా చిట్లిస్తానని పక్క కొట్లవాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

ఒక్క మినహాయింపు ఉండేది. చావు జరిగిన ఇంటి నుంచి వచ్చిన సామానుకి తరుగు తీయరు. తరుగు సంగతి అటుంచి, అసలు మోగించనే మోగించరు. తూకం వేసి, ఎంతైతే అంత చేతిలో పెట్టి పంపించేస్తారు. ఎందుకని ఒకసారి అడిగితే నాన్న, "మోగిస్తే మనం వినాల్సొస్తది రా" అన్నాడు. అది జవాబని నాకు అనిపించలేదు. వీధిలో మిగతావాళ్ళు ఆ మాత్రం కూడా చెప్పలేదు, పాటించారంతే.

కోడిగుడ్డు కూడా గడప దాటని ఇంట్లో పుట్టినవాణ్ణి వేటకెలా వెళ్ళానంటే, దానికీ కారణం బేరమే. మేముండే డెగ్గెన్‌డార్ఫ్‌లో మా ఆఫీసులో ఒకతను వేట లైసెన్సు కోర్సుకి డబ్బు కట్టి, పెళ్ళి కుదిరి మానేశాడు. కట్టింది వాపసు రాదు, సీటు మాత్రం ఇంకొకరికి ఇవ్వొచ్చు. సగానికి ఇస్తానన్నాడు, మూడోవంతుకి తీసుకున్నాను. అంత పెట్టాం కదా అని చదివాను, చదివాం కదా అని పరీక్ష రాశాను, పాసయ్యాం కదా అని అడవికి వెళ్ళాను. వెళ్ళాక మాత్రం అడవి నన్ను పట్టుకుంది. ఊరు దాటి ఉత్తరంగా కొండలెక్కితే, పురుగు పట్టి చచ్చిన స్ప్రూస్ చెట్లు వాలు పొడుగునా నిలబడే ఉంటాయి. బెరడు ఊడిపోయి, బూడిదరంగు తేలి, ఒక్క ఆకు లేకుండా. డాన్యూబ్ మీంచి పొగమంచు పైకొచ్చినప్పుడు వాటిలో ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు. గాలి లేనప్పుడు కూడా ఒకటో రెండో కిర్రుమంటాయి. అక్కడ వేట హక్కున్న రైతుకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఏటా ఇన్ని జింకలు కొట్టాలని ఆయనకి ప్రభుత్వం లెక్క. ఆ లెక్కలో కొంత నన్ను కొట్టమని తన వాలులో తిరగనిచ్చాడు.

ఆయన అరువిచ్చిన తుపాకీ, పైన గురి చూసే స్కోపుతో కలిపి, నాలుగున్నర కిలోలు. నేను యాభై ఎనిమిది కిలోలు. కొండ సగం ఎక్కేసరికి వేటాడాలన్న కోరిక పోయి కూర్చోవాలన్న కోరిక ఒక్కటే మిగిలేది. అందుకని నా ఒంటికి తగ్గట్టు ఒక తేలికైన తుపాకీ చేయించుకోవాలనుకున్నాను.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పేయాలి. నాకు పనిచేసే కన్ను ఒక్కటే. ఎడమది పుట్టుకతోనే బద్ధకం. వెలుతురు తప్ప మనుషుల్ని పోల్చదు. చదువూ ఉద్యోగమూ కారూ అన్నీ కుడికన్ను మీదే. తుపాకీ భుజానికెత్తి గురి చూస్తే, ఆ కన్ను యాక్షన్‌కి జానెడు వెనకాల ఉంటుంది. యాక్షన్ అంటే తుపాకీకి గుండెకాయ. గొట్టం ముందు నుంచి వచ్చి అందులో మరలా బిగుసుకుంటుంది. బోల్టు వెనక నుంచి అందులోకి జారుతుంది. తూటా పేలేది ఆ రెండూ కలిసేచోట, ఉంగరంలాంటి మందపాటి ఉక్కులో. ఇంకే భాగం పాడైనా గురి తప్పుతుంది. ఆ ఉంగరం పగిలితే మొహం పోతుంది.

ఇవన్నీ నా భార్యకి నేనే వివరించాను, గొప్పకి. ఆమె కూర తరుగుతూ అంతా విని, "అందరూ డబ్బులు పెట్టి కొంటరు. నువ్వు ఉన్న ఒక్క కన్నూ తాకట్టు పెట్టి కొంటున్నవ్. ఆ ముక్క కాడ మాత్రం బేరమాడకు" అంది.

ఆ ముక్క దగ్గరే ఆడాను.

పక్క ఊళ్ళో తుపాకుల మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. అరవై దాటినవాడు, మాట తక్కువ, ఆ తక్కువలోనూ సగం బవేరియా యాస. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, గొట్టం లేని రెండు యాక్షన్లు పెట్టాడు. ఒకటి ఉక్కుది, పదకొండువందల ఎనభై. రెండోది టైటానియంది, రెండువేల వంద. టైటానియందాన్ని అరచేతిలో పెడితే ఖాళీ సిగరెట్ పెట్టెలా ఉంది. మా కొట్లో తూకం పెరిగితే ధర పెరుగుతుంది. ఇక్కడ తూకం తగ్గినకొద్దీ పెరుగుతోంది. లేని సరుక్కి డబ్బు కట్టమంటున్నారని నాకు తెలిసిన జర్మన్ అంతా వాడి ఐదు నిమిషాలు వాదించాను. ఆయన పూర్తిగా విన్నాడు. తర్వాత ధర రాసిన చీటీని నాకు సరిగ్గా కనబడేలా నావైపు తిప్పాడు. అంతే జవాబు.

మూడో దారి కూడా ఉందని చెప్పింది ఆయనే. యుద్ధాల కాలం నాటి సైనిక తుపాకుల యాక్షన్లు ఇప్పటికీ దొరుకుతాయట. గట్టి ఉక్కు. అక్కర్లేని చోట గీకి, తొలిచి, బరువు దించవచ్చు. దొరికితే ఆ పని చేస్తానన్నాడు. కానీ కొనకముందు తన దగ్గరికి తేవాలన్నాడు. పరీక్ష చేయడానికి నలభై ఐదు యూరోలు.

'కొనకముందు తేవాలి' అన్న మాట నా చెవిలో పడేసరికి 'మధ్యలో నాకూ కొంత' అని వినపడింది. దుకాణాల మధ్య పెరిగిన చెవి మరి.

చనిపోయినవాళ్ళ తుపాకులు ఇంట్లో అలా ఉంచుకోనివ్వరు ఇక్కడ; లైసెన్సు లేని వారసులు వాటికి తాళమన్నా వేయించాలి, అమ్మన్నా అమ్మాలి. అలా అమ్ముతున్నావిడ ఒకరున్నారని మా రైతు చెప్పాడు. మిస్త్రీకి చెప్పకుండా నేనొక్కణ్ణే వెళ్ళాను.

నవంబరు మధ్యాహ్నం. అడవిదారి చివర ఆఖరి ఇల్లు. దారి పొడుగునా పొగమంచు కారు అద్దానికి ఆనుకుని వచ్చింది. ఆవిడకి డెబ్భై ఉంటాయి, సన్నగా నిటారుగా ఉంది. నన్ను కూర్చోబెట్టిన గది గోడల నిండా తెల్లటి మచ్చలు. మొదట అర్థం కాలేదు. ఇన్నేళ్ళూ జింకకొమ్ములు తగిలించి ఉన్న చోట్లవి. కొమ్ములు ఇచ్చేశాక గోడ వాటి ఆకారంలో తెల్లగా మిగిలింది. ఎవరో మొహాలు తుడిచేసినట్టు నలభయ్యో యాభయ్యో. బెంచీ కింద ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. మూల ఖాళీ ఇనప అల్మారా, తలుపు తీసే ఉంది.

తుపాకీ చేతికిచ్చింది; మిస్త్రీ చెప్పిన సైనిక రకమే, దాని స్కోపు విప్పి పక్కన పెట్టి ఉంది. బోల్టు పట్టుకున్నాను, లాగలేదు; తనంతట తానే వెనక్కి వచ్చినట్టు వచ్చింది. యాక్షన్ ముందు ఉంగరం పైన చిన్న గుంట ఉంది. ఒకప్పుడు అక్కడ సైన్యం ముద్ర ఉండేదట. యుద్ధం అయ్యాక ఎవరో ఆకురాయి పెట్టి రుద్దేశారు. నా బొటనవేలు ఆ గుంటలో సరిగ్గా ఇమిడింది. నాకంటే ముందు చాలా బొటనవేళ్ళు అక్కడ ఆగినట్టు నున్నగా, చల్లగా ఉంది.

మొదటి నిమిషంలోనే కొనాలని నిశ్చయమైపోయింది. నిశ్చయమైంది కాబట్టే మొహం చిట్లించాను.

బోల్టు తీసి పక్కన పెట్టి, తుపాకీని నిలువుగా పట్టుకుని, ఉంగరం మీద గోరుతో ఒక్కటి కొట్టాను. చెవి దగ్గర పెట్టాను. ఆ క్షణంలో ఏం వినిపించిందని ఇప్పుడు ఎవరైనా ప్రమాణం చేసి చెప్పమంటే చెప్పలేను. నేను వినలేదు. నటిస్తున్నవాడికి వినే తీరిక ఎక్కడిది? బెంచీ కింది కుక్క మాత్రం లేచింది. కాళ్ళు ఈడ్చుకుంటూ గది దాటి, ఖాళీ అల్మారా ముందుకెళ్ళి నిలబడింది. లోపలికి చూడలేదు, కాస్త పైకి, మనిషి మొహం ఉండే ఎత్తుకి చూస్తోంది.

"ఇక్కడ పగులుంది" అన్నాను, గుంట మీద బొటనవేలు ఆనించి.

ఆవిడ బిందె తెచ్చిన ఆడవాళ్ళలా వేలు ఆనిన చోటును చూడలేదు. నన్ను చూసింది.

"మీకు నిజంగా వినిపించిందా?"

"స్పష్టంగా" అన్నాను.

అప్పుడు ఆవిడే, నేను ధర చెప్పకముందే, రెండువందల నలభైకి తీసుకెళ్ళమంది. నాకు ఒళ్ళు తేలిపోయింది. గడియారం చూసుకున్నాను కూడా; ఇరవై రెండు నిమిషాలు. కాగితం రాయకుండా ఈ దేశంలో ఏదీ చేతులు మారదు, తుపాకీ అసలే మారదు. ఆవిడ నా లైసెన్సు నంబరు, తుపాకీ నంబరు అన్నీ నిదానంగా రాసింది. తెలిసిన లోపాలు అన్న గడి దగ్గర ఆగి, అందులో కూడా రాసింది: 'ముందు ఉంగరంలో పగులు, కొనుగోలుదారు విని చెప్పిన ప్రకారం.' నా అబద్ధం కింద నేను సంతకం పెట్టాను. వచ్చేటప్పుడు చూస్తే కుక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది.

మా ఇంట్లో తుపాకుల అల్మారా సామాన్ల గదిలో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం జర్మనీలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్ళకి తెలుసు. పై అంతస్తులో ఎవరో కాఫీ కప్పు పెట్టినా వినబడుతుంది. ఆ నిశ్శబ్దంలో సామాన్ల గదిలోంచి ఒక చప్పుడు వచ్చింది. సన్నగా, ఒక్కటే. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. నా భార్య ఎత్తింది.

"నీ అల్మారాల ఎవరో గోరుతోని కొట్టినట్టయింది."

"ఇనుము చల్లబడితే అట్లనే అంటది."

"ఎప్పుడు వేడెక్కింది అది?"

ఆ గదిలో హీటరు లేదు. ఆ మాట నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చింది, దాదాపు అదే సమయానికి. వెళ్ళి తాళం తీసి చూశాను. తుపాకీ పెట్టినట్టే ఉంది. గుంటలో వేలు పెడితే చల్లగా ఉంది. పగులుందేమోనన్న భయం నాకు రవ్వంత కూడా లేదు. ఆ పగులు లేదని ప్రపంచంలో ఖచ్చితంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే; దాన్ని పుట్టించింది నేనే కదా. అందుకని ధైర్యంగా, ఆ వచ్చే శనివారానికి షూటింగ్ రేంజిలో టెర్మిన్, అంటే ముందుగా రాయించుకునే సమయం, తీసుకున్నాను. విప్పించి తేలిక చేయించేలోగా ఉన్నదున్నట్టు ఒక ఇరవై తూటాలు కాల్చి చూద్దామని.

గురువారం మిస్త్రీ దగ్గరికి వెళ్ళింది పరీక్షకి కాదు. బరువు దించడానికి ఎంతవుతుందో అడగడానికి. చెప్పాలంటే, రెండువందల నలభై అన్న అంకె ఆయన మొహం మీద చెప్పడానికి. తుపాకీ ఆయన చేతికి రావాలంటే ముందు తన పుస్తకంలో రాసుకోవాలి. రాసుకోవడానికి నా కాగితం చూడాలి. కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

"పగులు అని రాసి ఉంది."

"అది... రాసుకున్నాం లెండి."

"కింద సంతకం మీది."

రెండే దారులున్నాయి నాకు. అదంతా ధర కోసం ఆడిన మాటని ఒప్పుకోవడం, లేదా నలభై ఐదు యూరోలు కట్టి, లేని పగులుకి పరీక్ష చేయించుకోవడం. దుకాణదారుడి కొడుకు మొదటిది ఎలా ఎంచుకుంటాడు? డబ్బు తీసి బల్ల మీద పెట్టాను. నా జీవితంలో దండగ అని తెలిసి తెలిసి పెట్టిన మొదటి డబ్బు అదే.

ఆయన ఉంగరాన్ని శుభ్రంగా తుడిచి, దాని మీద ఎర్రటి ద్రవం ఒకటి పూశాడు. అది కంటికి కనపడని సందుల్లోకి కూడా దిగుతుందట. ఇరవై నిమిషాలు వదిలేశాం. తర్వాత పైనున్న ఎరుపంతా ఆనవాలు లేకుండా తుడిచేసి, తెల్లటి పొడి చల్లాడు. ఉక్కు మొత్తం సున్నం కొట్టిన గోడలా అయింది. లోపల ఏమన్నా మిగిలితే ఆ తెలుపులోకి పైకి వస్తుంది, చూస్తుండమన్నాడు. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. బయట వీధిలో బస్సు ఆగింది, కదిలింది. నేను ఆ నలభై ఐదు గురించి ఆలోచిస్తున్నాను.

మొదట ఒక చుక్క వచ్చింది. గుంట మధ్యలో. నా బొటనవేలు ఆనిన చోట. అది ఏదో మరక అనుకున్నాను. చుక్క పక్కన ఇంకో చుక్క లేచింది, దాని పక్కన ఇంకోటి. ఎవరూ తాకకుండా, తొందర లేకుండా, అవి ఒకదాన్నొకటి అందుకుని ఎర్రటి దారమయ్యాయి. ఆ దారం గుంట దాటి, గొట్టం బిగిసే మరల వైపు పాకింది. పాకి, అంచు దగ్గర ఆగింది. నేను నా కుడికన్ను మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో తెలియదు. ఎడమ కన్నుకి తెల్లటి మసక ఒక్కటే మిగిలింది.

మిస్త్రీ తుపాకీని నిలువుగా ఎత్తి పట్టి గోరుతో కొట్టాడు, విన్నాడు. మళ్ళీ కొట్టాడు. తల అడ్డంగా తిప్పాడు. "నాకేమీ వినిపించడం లేదు. మీ చెవి ఎక్కడ నేర్చింది?"

"ఇత్తడి కొట్లో" అన్నాను.

ముద్ర రుద్దినప్పుడు వేడికి మొదలై ఉంటుందని, పేలిన ప్రతిసారీ వెంట్రుకంత పెరిగి ఉంటుందని ఆయన ఊహ. ఇంకెన్ని తూటాలు ఆగేదని అడిగాను. వందైనా ఆగవచ్చు, మొదటిదే ఆగకపోవచ్చు అన్నాడు. పగులు దానంతటది చప్పుడు చేస్తుందా, అల్మారాలో ఊరికే ఉన్నప్పుడు, అని కూడా అడిగాను. చెయ్యదన్నాడు. ఆ రాత్రి రేంజి టెర్మిన్ రద్దు చేశాను.

అలాంటి యాక్షన్‌ని బయట తిరగనివ్వకూడదు. ఆయనే కోసి ముక్కలు చేసి, తుపాకుల లైసెన్సు ఆఫీసుకి పంపే కాగితం రాసిచ్చాడు. అరవై. ఎర్ర గీత ఉన్న ఉంగరం ముక్క ఇక ఉట్టి ఇనుమే కాబట్టి నా చేతిలో పెట్టాడు.

దాన్ని తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పడానికి అని రాస్తే బాగుంటుంది గానీ, అందుకు కాదు. నా చెవి గొప్పతనం ఎవరో ఒకరికి చూపించుకోవాలనిపించింది. మిస్త్రీకే వినపడనిది విన్నవాణ్ణి కదా. దారిలో ఆ మాట నేనే సగం నమ్మడం మొదలుపెట్టాను.

ఆవిడ ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గీత వెంట వేలు నడిపింది. తర్వాత కూర్చుని, నన్ను చూడకుండా చెప్పుకొచ్చింది. భర్త పోయేముందు ఏడాది, తుపాకీ మోత మారిందని రోజూ అనేవాడట. తాళంచెవులు ఫ్రిజ్‌లో పెట్టడం, ఒకే మాట నాలుగుసార్లు చెప్పడం అప్పటికే మొదలైంది. ఇదీ అందులో భాగమే అనుకుంది. డాక్టరుకి ఆవిడే చెప్పింది. అల్మారా తాళంచెవి ఆవిడే దాచింది. ఆఖరి నెలల్లో ఆయన రోజూ ఆ మూల అల్మారా ముందు నిలబడి, తలుపు మీద గోరుతో కొట్టేవాడట. తెరవమని. మోత మారింది, వింటే నీకే తెలుస్తుంది అని. ఆవిడ ఒక్కసారి కూడా వినలేదు.

ఆగి, నావైపు తిరిగింది. "విరిగిన గంటలా ఉంటుందనేవాడు. ఒక్కోసారి, కాదు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉంటుందనేవాడు. విన్నవాళ్ళు మీరొక్కరే. మీకెలా వినిపించింది?"

ఏదో ఒకటి చెప్పవచ్చు. గంటలా అన్నా చాలు, ఆవిడ ఆ పూట హాయిగా పడుకునేది. నా నాలుక మీద ఆ మాట సిద్ధంగానే ఉంది. కానీ ఆవిడ నా నోటి వైపు చూస్తున్న తీరు చూస్తే, నేనేం చెబితే ఇకమీదట ఆయన విన్నది అదే అయిపోతుందని తెలిసింది.

"నాకేమీ వినిపించలేదు" అన్నాను. "ధర తగ్గించడానికి అన్నాను. మా ఇంట్లో అది వ్యాపారం."

ఆవిడ కోప్పడలేదు. "మరి మీ వేలు అక్కడికెలా వెళ్ళింది?"

అక్కడ గుంట ఉంది కాబట్టి, గుంటలో వేలు ఇముడుతుంది కాబట్టి, పల్చగా ఉన్నచోటే లోపం చెబితే నమ్ముతారు కాబట్టి అన్నాను. అన్నీ నిజాలే. చెబుతూ ఉంటే నాకే చాలినట్టు అనిపించలేదు. ఆవిడకీ అనిపించినట్టు లేదు.

అప్పుడు ఆవిడ లెక్క కట్టింది. "పగులున్న సరుకని వంద తగ్గించాను. పగులు ఉంది కాబట్టి ఆ వంద మీదే" అంది. "మిగతా రెండువందల అరవై తగ్గించింది పగులుకి కాదు, ఆయన కాక ఇంకొక మనిషి విన్నాడన్నందుకు. మీరు వినలేదు. అది నాకు వాపసు రావాలి."

ఇరవై రెండు నిమిషాలు నేను చేశాననుకున్న బేరంలో నా పాత్ర ఎంతో అప్పుడు తెలిసింది. నా దగ్గర అంత నగదు లేదు. పొగమంచులో ఆరు కిలోమీటర్లు కిందికి దిగి, ఊళ్ళో ఏటీఎంలో తీసుకుని మళ్ళీ ఎక్కాను. దిగేటప్పుడు ఇక పారిపోవచ్చని తోచకపోలేదు. కానీ నా సంతకం ఉన్న కాగితం ఆవిడ దగ్గరుంది. ఆవిడ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, రసీదు పుస్తకం తీసింది. దేని నిమిత్తం అన్న గడి దగ్గర ఏం రాయమంటారని అడిగింది. ఖాళీగా వదిలేయమన్నాను. ఖాళీగా వదలడం ఆవిడకి నచ్చలేదు. 'శబ్దం' అని రాసి ఇచ్చింది.

గుమ్మం దగ్గర, ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ రోజు నేను కొట్టిన చప్పుడుకి మీ కుక్క లేచింది గుర్తుందా అన్నాను. ఆవిడ తలుపు పట్టుకుని, వాన పడేలా ఉందన్నట్టు మామూలుగా చెప్పింది. "అది చెవిటిది. నాలుగేళ్ళయింది."

ఆ వారంలోనే మిస్త్రీ దగ్గర ఉక్కు యాక్షన్‌కి ఆర్డరు ఇచ్చాను. టైటానియం కాదు, కొత్త ఉక్కుది. బరువు గొట్టంలోనూ కర్రలోనూ దించుదామన్నాడు. పదకొండువందల ఎనభై లెక్కపెట్టి బల్ల మీద పెడితే, ఆయన నోట్లు ముట్టుకోలేదు. ఇంకేమీ అడగరా అన్నాడు. అడగనన్నాను. ఆయనకి నా ఒంట్లో బాగోలేదేమోనని అనుమానం వచ్చినట్టుంది. ఇంటికొచ్చి చెబితే నా భార్యకీ అదే అనుమానం వచ్చింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. సామాన్ల గదిలోంచి ఆదివారాలు ఇప్పుడు ఏ చప్పుడూ రావడం లేదు. వినడం మాత్రం ఇద్దరం మానలేదు.

ఇక లెక్క. కొత్త తుపాకీ ఖర్చు ఇందులో కలపను, అది ఎలాగూ పెట్టాల్సిందే. పాత తుపాకీ రెండువందల నలభై. శబ్దం పద్దు కింద వాపసు ఇచ్చింది రెండువందల అరవై. ఎర్ర ద్రవం పరీక్ష నలభై ఐదు. కోసినందుకూ కాగితానికీ అరవై. మొత్తం ఆరువందల ఐదు. అందులోంచి ఆ తుపాకీతో వచ్చిన పాత స్కోపు అమ్మిన డబ్బు తీసేయాలి. దానికి ఎనభై చెప్పాను. కొనడానికి వచ్చిన కుర్రాడు చూడకముందే, అద్దం అంచున గీత ఉందని నేనే చూపించాను. ఇంత ముందుగా చెబుతున్నాడంటే ఇంకేదో ఉండి ఉంటుందని భయపడి ఇరవై తగ్గించాడు. అరవై వచ్చింది. మిగిలింది, ఏ పద్దు కిందా తరుగు తీయడానికి వీల్లేనిది, ఐదువందల నలభై ఐదు యూరోలు.